నాందేడ్ వెళ్తున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. బాసర దర్శనం అయ్యాక నాందేడ్ గురుద్వారా కూడా చూసొస్తామని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. కానీ రైలుకు టైముందని అరగంటలో చుట్టేసి వచ్చే చోటు కాదది. ఒక రాత్రి అక్కడే ఉండండి. యాత్రీ నివాస్‌లో గది ముందే మాట్లాడుకోండి.

సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే, గోదావరి ఒడ్డున. పోయేముందు, ఇకపై మనుషుల్లో గురువు ఉండడు, మన పవిత్ర గ్రంథం గ్రంథ సాహిబే మీ గురువు అని చెప్పారు. అప్పటికే నలుగురు కొడుకులనూ పోగొట్టుకున్న తండ్రి ఆయన. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది. మాధోదాస్ అనే బైరాగి ఆయన్ని కలిసి సిక్కు యోధుడు బందా సింగ్ బహాదుర్‌గా మారిందీ ఆ ఊళ్లోనే. సిక్కుల ఐదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత ధర్మపీఠాల్లో, ఈ హజూర్ సాహిబ్ గురుద్వారా ఒకటి. ఇప్పుడున్న కట్టడాన్ని 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించాడు. అప్పుడది నిజాం రాజ్యం. 1956 దాకా నాందేడ్ మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది.

లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు. గురువుగారి చితి పేర్చిన చోటు. పూజారులు తప్ప ఎవరూ లోపలికి వెళ్లరు, బయటి నుంచే దణ్ణం పెట్టుకోండి. ఆయన ఆయుధాలు అక్కడే ఉంటాయి. రోజూ తెల్లవారకముందే బిందెతో గోదావరి నీళ్లు తెచ్చి ఆ చోటు కడుగుతారు. మన ఇళ్లల్లో మడినీళ్లు తెచ్చిన మా నాయనమ్మే గుర్తొచ్చింది నాకు.

దర్శనం కాగానే లేచి రావద్దు. ఓ పక్కన కూర్చుని కీర్తన వినండి. పంజాబీ రాకపోయినా పర్వాలేదు. ప్రసాదం రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి. గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో వేడివేడిగా ఉంటుంది. అరచేతికి అంటిన నెయ్యిని కడుక్కోకుండా అలాగే రుద్దుకుంటారు చాలామంది. నేనూ అంతే చేశాను.

లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, అందరితో పాటు కింద కూర్చుని తినండి. రొట్టె కూడా దోసిలి పట్టే అందుకోవాలి. తినగలిగినంతే పెట్టించుకో, పారెయ్యకు. తిన్నాక కాసేపు గిన్నెలు తోము, వద్దనేవాళ్లు ఉండరు.

లోపల తల కప్పుకునే ఉండాలి. చున్నీలు రెండు ఎక్కువే సర్దు, మీ అమ్మ తప్పకుండా మర్చిపోతుంది.

మీ పెదనాన్న