నాష్‌విల్ వస్తున్న మా చిన్నికి

చిన్నీ,

డాలస్‌లో ఉద్యోగం మానేసి కంట్రీ పాటలు, అదే ఇక్కడి పల్లెబాణీ పాటలు, రాయడానికి నాష్‌విల్ వస్తానంటున్నావని అన్నయ్య నిన్న రాత్రి ఫోన్‌లో ఒకటే గోల. "నువ్వైనా చెప్పరా" అన్నాడు. చెప్తున్నాను, కానీ ఆయన చెప్పమన్నది కాదు.

నేను పాట రాసినవాణ్ణి కాదు. ఇక్కడ పాటల కంపెనీలుండే మ్యూజిక్ రోలో, పాటల హక్కులు చూసే ఒక పబ్లిషింగ్ కంపెనీలో ఇరవై రెండేళ్లు రాయల్టీ లెక్కలు చూశాను. ఎవరికి డబ్బు వచ్చిందో, ఎవరికి ఎందుకు రాలేదో తెలుసు.

ముందు డ్రా సంగతి. పబ్లిషర్ నీతో ఒప్పందం చేసుకుని నెలనెలా ఇచ్చే డబ్బు అది. జీతమనుకుని ఇల్లు కొనేసినవాళ్లని చూశాను. అది అడ్వాన్సమ్మా, నీ రాయల్టీలోంచి అంతా మినహాయించుకున్నాకే నీ చేతికి చెక్కు. 2006 నుంచి 2022 దాకా సీడీ మీద ఒక్కో పాటకి 9.1 సెంట్లు. లక్ష సీడీలు అమ్ముడైతే 9,100 డాలర్లు. ముగ్గురు రాస్తే తలా మూడు వేల చిల్లర. అందులో సగం పబ్లిషర్‌ది. మిగతా పదిహేను వందలూ డ్రా బాకీ కిందే పోతాయి. స్టేట్‌మెంట్ చివర సున్నా చూసి ఒక కుర్రాడు నా బల్ల ముందు అరగంట నోరు విప్పకుండా కూర్చున్నాడు.

స్ట్రీమింగ్ వచ్చాక ఆ సీడీల డబ్బూ పోయింది. ఇప్పుడు ఇల్లు గడిపేది రేడియోలో మోగే పాటే. అమెరికాలో ఎఫ్ఎం రేడియో పాడినవాళ్లకి పైసా ఇవ్వదు, రాసినవాళ్లకి ఇస్తుంది. అందులో రచయిత వాటా మామూలుగా ఆస్కాప్, బీఎంఐ లాంటి, రచయితల తరఫున డబ్బు వసూలు చేసే సంస్థల నుంచి నేరుగా నీకే వస్తుంది. రాగానే ఒకదాంట్లో చేరు.

ఇక్కడ ఒంటరిగా రాసేవాళ్లు తక్కువ. పొద్దున పదిన్నరకో పదకొండుకో ఇద్దరు ముగ్గురు గిటార్లతో ఒక గదిలో కూర్చుంటారు. కో-రైట్ అంటారు. ఎవరెన్ని లైన్లు ఇచ్చారని సాధారణంగా లెక్కపెట్టరు, గదిలో ఉన్నవాళ్లకి సమాన వాటా. ఒకరోజు నువ్వు ఒక్క మాటే ఇస్తావు, ఇంకోరోజు పాటంతా నీదే అవుతుంది. సణగకు. కానీ వాటాలు ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో రాసుకోండి. ఒకసారి ఇద్దరు స్నేహితులు నోటిమాటగా చెప్పిన వాటాలు నేనలాగే ఎక్కించాను. పాట రేడియోకెక్కాక, నేనూ రాశానంటూ మూడోవాడు వచ్చాడు. పద్నాలుగు నెలలు డబ్బు ఆగింది. ఆ ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

డబ్బుకి కటకటగా ఉన్న రోజుల్లో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ తను రాసిన 'ఫ్యామిలీ బైబిల్' పాటని 50 డాలర్లకి అమ్మేశాడు. గాయని డాలీ పార్టన్ రాసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'ని ఎల్విస్ పాడాలంటే పబ్లిషింగ్‌లో సగం ఇమ్మన్నాడు ఆయన మేనేజర్. ఆవిడ ఏడ్చింది కానీ ఇవ్వలేదు. 1992లో దాన్నే విట్నీ హ్యూస్టన్ పాడింది, హక్కు డాలీ దగ్గరే ఉంది. ఇక, నీ పాట రికార్డు చేయిస్తామని నీ దగ్గరే డబ్బు అడిగేవాళ్లుంటారు, ఫోన్ పెట్టెయ్.

సోమవారాలు బ్లూబర్డ్ కెఫేలో ఓపెన్ మైక్ ఉంటుంది, కొత్తవాళ్లు వచ్చి తమ పాట పాడుకోవచ్చు. తొంభై కుర్చీల చిన్న హోటలు. పాడకపోయినా వెళ్లి, జనాన్ని చూడు. మొన్న ఒకావిడ ఫోర్కు నోటిదాకా తీసుకెళ్లి, పాట రెండో చరణంలో అలాగే ఆగిపోయింది. ఆ లైనేదో రాసుకుని ఇంటికి రా.

నువ్వు పంపిన పాటలో, ఇల్లు చేరాక కూడా మీ నాన్న కారు దిగకుండా కూర్చునే లైనుంది చూడు, అది కంట్రీ. దాని పక్కన ఇరికించిన ట్రక్కూ విస్కీ తీసెయ్. నీకేం తెలుసే వాటి గురించి?

ఉద్యోగం మాత్రం పూర్తిగా వదలకు, రిమోట్ అడుగు. తర్వాత పెద్ద పాటల రచయితైన క్రిస్ క్రిస్టాఫర్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి కూడా ఇక్కడ స్టూడియోలో నేల తుడిచాడు. ఈ ముక్క మీ నాన్నకి చెప్పకు.

పిన్ని పైగదిలో పచ్చడి జాడీలు కిందికి దింపించింది. గిటారుకి చోటుంది.

మీ బాబాయి