పచ్చిగా తినేదేది, ఆవిరి పట్టేదేది? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పొయ్యి వెలిగించకుండా తినే తిండి మీద ఈ నెల ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకరిది మొలకల బాధ, ఒకరిది జ్యూసుల బాధ. పదిమందికీ పనికొచ్చేవి కొన్ని ఏరి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఎండలు ముదిరాక పెసలు సరిగ్గా మొలకెత్తడం లేదండీ. రాత్రి మూటగట్టి పెడితే పొద్దుటికి జిగురు పట్టి పుల్లటి వాసన వస్తున్నాయి. నాలుగు నీళ్లు పోసి కడిగి తినేస్తున్నాం. ఫర్వాలేదా? ఉడకబెడితే ఎంజైములు పోతాయని మావారు పచ్చివే తినమంటారు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఫర్వా ఉందండీ. వాసన వచ్చిన మొలకల్ని పారబోయండి. కడిగితే జిగురు పోతుంది గానీ, ఆ జిగురు పుట్టించిన క్రిములు పోవు.

మీ ఇంట్లో జరుగుతున్నది ఇదీ: నీళ్లోడుతుండగానే పెసల్ని మూట బిగిస్తున్నారు. మొలకెత్తే గింజ ఊపిరి తీసుకుంటుంది, వేడి పుట్టిస్తుంది. మూట విప్పి మధ్యలో వేలు పెట్టి చూడండి, గోరువెచ్చగా తగులుతుంది. గాలి ఆడక, తడి ఆరక, ఆ వెచ్చదనంలో మొలక కంటే ముందు పులుపు ఎక్కుతుంది.

ఎండాకాలానికి ఇలా చేయండి. కప్పు పెసలు పోసుకుని పుచ్చులు, పగిలినవి ఏరేయండి. మూడు కప్పుల తాగేనీళ్లలో ఆరు గంటలు నానబెడితే చాలు. ఎనిమిది దాటితే నీళ్ల మీద నురగ వస్తుంది. పైకి తేలిన పొల్లు గింజలు తీసేసి, నానిన నీళ్లు పారబోసి, రెండుసార్లు జాడించి, చిల్లుల గిన్నెలో వేసి అరగంట వదిలేయండి. ఈ అరగంట దగ్గరే చాలామంది తొందరపడతారు. గిన్నె అడుగున చుక్క రాలడం ఆగాక, తడిపి గట్టిగా పిండిన పలచని నూలుబట్ట మీద వేలెడు మందం మించకుండా పరిచి, అదే బట్ట పైకి కప్పండి. మూట గట్టొద్దు. ఆరు గంటలకోసారి తాగేనీళ్లతో జాడించి మళ్లీ ఆరనివ్వండి. ఎండాకాలంలో 10–12 గంటలకే మొలక తల బయటపెడుతుంది, చలికాలంలో ఒక రోజు పైనే పడుతుంది. పావంగుళం నుంచి అరంగుళం లోపు ఉండగా ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. బట్టను ప్రతిసారీ మరిగే నీళ్లలో వేసి తీసి ఎండలో ఆరేయాలి. నిన్నటి బట్టే ఇవాళ వాడితే పైన చెప్పిందంతా దండగ.

ఎన్ని గంటలు పెట్టినా కొన్ని గింజలు రాళ్లలా ఉండిపోతాయి. అవి నీళ్లు పీల్చని గింజలు. పంటికింద పడితే పన్ను విరుగుతుంది, చేత్తో తడిమి తీసేయండి. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మే గింజలు మాత్రం ఎప్పుడూ తేవద్దు. అవి మందు పట్టించి పొలంలో చల్లుకోవడానికి సిద్ధం చేసినవి.

ఇక మీవారి ఎంజైముల మాట. ఎంజైములూ మాంసకృత్తులే. కడుపులో ఆమ్లం తగిలాక వాటికి పట్టే గతి పప్పులోని మాంసకృత్తులకు పట్టే గతే. గింజకు కావలసిన ఎంజైములు గింజ తన కోసం తయారుచేసుకుంటుంది, మన అరుగుదల కోసం కాదు. మొలకెత్తిస్తే నిజంగా ఒరిగేది వేరే ఉంది. ఎండు పెసల్లో విటమిన్‌ సి దాదాపు లేదు, వంద గ్రాముల మొలకల్లో 13 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడే ఫైటిక్‌ ఆమ్లం కొంత తగ్గుతుంది. మాంసకృత్తులు రెట్టింపవుతాయన్నది మాత్రం వట్టిమాట. కప్పు గింజల్లో ఎంత ఉందో, అవి నీళ్లు తాగి మూడు కప్పుల మొలకలయ్యాకా ఇంచుమించు అంతే ఉంటుంది.

పచ్చిగా తినడంలో చిక్కెక్కడంటే, క్రిమి గింజ పగుళ్లలోనే దాగి వస్తుంది. మొలకకు ఏ వెచ్చదనం, ఏ తడి కావాలో దానికీ అవే కావాలి. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా పాకిన ఈ.కోలి అనే క్రిమి వల్ల దాదాపు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. వెతుక్కుంటూ పోతే చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల దగ్గర తేలింది. ఆ మెంతుల్ని ఎవరూ కడగకుండా మొలకెత్తించి ఉండరు.

అందుకని ఇడ్లీ రేకుల్లో పలచగా పరిచి, నీళ్లు మరిగాక లోపల పెట్టి 5 నుంచి 7 నిమిషాలు ఆవిరి పట్టండి. పొగలు కక్కుతూ ఉండగా దించి, చల్లారాక ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలుపుకోండి. విటమిన్‌ సి కొంత పోయినా ఆ నిమ్మకాయే తిరిగి తెస్తుంది. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, బాగా పెద్దవాళ్లు, క్యాన్సర్‌ మందులు వాడుతున్నవాళ్లు పచ్చి మొలకల జోలికి పోనేకూడదు.

ప్రశ్న: ఏడాదిగా పరగడుపున సొరకాయ రసం తాగుతున్నాను. మొన్న ఒకరోజు చేదుగా ఉంది. చేదు ఒంటికి మంచిదే కదా అని మింగేశాను. కాసేపటికి రెండుసార్లు వాంతయింది. ఇక మానేయాలా?
– విశ్రాంత ఉద్యోగి, కరీంనగర్

జవాబు: చేదు సొరకాయ రసం మందు కాదు, విషం. మీరు రెండు వాంతులతో బయటపడ్డారు. సొర, కీర, బీర జాతి కాయల్లో కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. మామూలుగా అతి తక్కువ. తీగ ఎండకు, నీటి ఎద్దడికి గురైనా, అడవి జాతితో పరాగం కలిసిన గింజ మొలిచినా ఇవి పెరిగిపోతాయి. కాయ పైకి నున్నగా, లేతగానే కనిపిస్తుంది. కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతి, బీపీ పడిపోవడం దాకా వస్తుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాంటి రసం తాగి చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్‌) నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ చెప్పింది సూటిగా ఉంది: చేదుంటే తాగొద్దు, వేరే రసాలతో కలపొద్దు, తాగాక వాంతులో విరేచనాలో మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వేరే రసాలతో ఎందుకు కలపొద్దో గమనించండి. కాకరో ఉసిరో కలిస్తే సొరకాయ చేదు నాలుకకు తెలియదు. కోయగానే తొడిమ వైపు నుంచి ఒక ముక్క, రెండో కొస నుంచి ఒక ముక్క నాలుక చివర పెట్టి చూసి, చేదు తగిలితే ఉమ్మేసి కాయంతా పారేయండి. వండినా ఆ చేదు విరగదు. మా మాటగా అడిగితే, సొరకాయను పప్పులో వేసుకోండి. చేదైతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది. పరగడుపున గ్లాసెడు గటగటా తాగేటప్పుడు ఆ వీలుండదు.

ప్రశ్న: మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు, హాస్టల్లో ఉంటుంది. హిమోగ్లోబిన్‌ 9.2. రెండు నెలలుగా రోజూ ఏబీసీ జ్యూస్‌ (యాపిల్‌, బీట్‌రూట్‌, క్యారెట్‌), వారానికి నాలుగుసార్లు పచ్చి పాలకూర జ్యూస్‌ తాగుతోంది. నీరసం అలాగే ఉంది.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: రంగు చూసి మోసపోయే కూర బీట్‌రూట్‌. వంద గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆడపిల్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. తాగిన మర్నాడు మూత్రం ఎర్రబడితే అది రక్తం కాదు, భయపడకండి. అలాగే ఒంట్లో రక్తం పట్టినట్టూ కాదు.

పచ్చి పాలకూర ఇంకో తంటా. దాంట్లో ఆక్సలేట్లు మెండు. ఉన్న సున్నాన్ని (కాల్షియాన్ని) ఒంటబట్టనివ్వవు. నెలల తరబడి గ్లాసులకు గ్లాసులు తాగినవాళ్లలో కిడ్నీ దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పాలకూరను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి ఆ నీళ్లు పారబోస్తే ఆక్సలేట్లు చాలావరకు దిగిపోతాయి. తర్వాత పప్పులో వేయండి.

ఆడవాళ్లలో హిమోగ్లోబిన్‌ 12 లోపు ఉంటేనే రక్తహీనత అంటారు. 9.2 అంటే జ్యూసులతో, ఆ మాటకొస్తే ఒట్టి తిండితోనే గట్టెక్కే అంకె కాదు. డాక్టరుకు చూపించి, ఫెరిటిన్‌ (ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పేది), బి12 పరీక్షలు చేయించి, రాసిన ఇనుము మాత్రలు పూర్తిగా వాడించండి. అంకె బాగుపడిందని ఆపేయకుండా, నిల్వలు నిండేదాకా మరో రెండు మూడు నెలలు వేసుకోమంటారు. నెలసరి ఎక్కువగా అవుతోందేమో, నులిపురుగులున్నాయేమో కూడా అడుగుతారు. బిందెకు చిల్లుంటే ఎంత పోసినా నిండదు కదా.

ఆ మాత్రకు, భోజనానికి తోడుగా పచ్చిగా తినాల్సింది జామకాయ. వంద గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్‌ సి ఉంటుంది. తోటకూర పప్పన్నంతో పాటు అరకాయ తింటే ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. నిమ్మరసమైతే పొయ్యి కట్టేశాక పిండుకోవాలి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. హాస్టల్లో అమలు కావడం కష్టమైన సంగతి ఇదే.

క్యారెట్‌ మానక్కర్లేదు. కాకపోతే చెంచా నూనెలో మగ్గించి తింటే కెరోటిన్‌ ఎక్కువ దక్కుతుంది. టమాటాకు ఎర్రరంగునిచ్చే లైకోపిన్‌ కూడా ఉడికాకే బాగా అందుతుంది. పచ్చివన్నీ మేలు, వండినవన్నీ దండగ అనే లెక్క ఇక్కడే తప్పిపోతుంది.

ప్రశ్న: ఇమ్యూనిటీ పెరగాలంటే రోజుకు ఎంత పచ్చి కూర తినాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇమ్యూనిటీ కుండలో నీళ్లలా పోసిన కొద్దీ పెరిగేది కాదు. లోటుంటే పడిపోతుంది, లోటు తీరితే నిలబడుతుంది, అంతే. విటమిన్‌ సి మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు చాలు. అరముక్క జామతో అది తీరుతుంది, మిగులు మూత్రంలో పోతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం రెండు వేల క్యాలరీల తిండిలో రోజుకు 400 గ్రాముల కూరలు, వంద గ్రాముల పండ్లు ఉండాలి. ఆ నాలుగు వందల్లో నూటయాభై దాకా పచ్చిగా తింటే సరిపోతుంది. ఒక కీర, సగం ముల్లంగి, ఒక చిన్న ఉల్లిపాయ ఆ తూకానికి దగ్గరగా ఉంటాయి. ఇప్పటిదాకా పీచు అలవాటు లేకపోతే మొదటి వారం గుప్పెడుతో మొదలుపెట్టండి, లేకుంటే కడుపు ఉబ్బరం. తినే ముందే కోయండి, ఉప్పు చివర్న చల్లండి. ముందే చల్లితే కీర నీళ్లు వదిలి చప్పబడిపోతుంది.

ప్రశ్న: ఆకుకూరలు, క్యాబేజీ ఉప్పునీళ్లలో కడిగితే పచ్చిగా తినొచ్చా? క్యాబేజీలో మెదడుకెక్కే పురుగు ఉంటుందంటే భయంగా ఉంది.
– ఉప్పల్‌, హైదరాబాద్‌

జవాబు: ఆ పురుగు క్యాబేజీలో పుట్టదు. అది పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు. మనిషి పేగుల్లో పెరిగి మలంలో గుడ్లు వదులుతుంది. మురుగునీరు పారిన చేలో ఆ గుడ్లు ఆకుల మడతల్లో అంటుకుంటాయి. పచ్చిగా మింగితే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు రావచ్చు. ఉడికితే చస్తాయి, ఉప్పునీళ్లకు చావవు. మీ ఊరి దిగువన మూసీ నీళ్లతో ఆకుకూరలు పండుతాయన్నది అందరికీ తెలిసిందే. ఎక్కడ పండిందో తెలియని ఆకును వండుకునే తినండి.

పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాకైనా కడిగే తీరొకటుంది. వేళ్లు కోసి, వెడల్పు బేసిన్‌లో నీళ్లు పోసి ఆకు ముంచి కదపండి. తర్వాత ఆకును చేత్తో పైకి తీయాలి. నీళ్లు వంచేస్తే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. అడుగున ఇసుక కనబడకుండా పోయేదాకా నీళ్లు మార్చి, చివరి నీళ్లు మాత్రం తాగేవి వాడండి. క్యాబేజీకైతే పైన మూడు రేకులు తీసి, ఒక్కో రేకు విడదీసి కడగాలి. యాపిల్‌, ద్రాక్షలాంటి నున్నటి పండ్ల మీది పురుగుమందుకు లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి 12–15 నిమిషాలు నానబెట్టి కడిగితే పైపొర మీదిది చాలావరకు పోతుంది. తొక్కలోపలికి ఇంకినది పోదు. సబ్బు వాడొద్దు.

ప్రశ్న: మూడు నెలలుగా ఇద్దరం పూర్తిగా పచ్చి తిండే తింటున్నాం. పాలు, పెరుగు కూడా లేవు. మొదట్లో హాయిగా ఉంది, ఇప్పుడు చలి, జుట్టు రాలడం, మావారికి అరికాళ్లలో తిమ్మిర్లు. బలం కోసం రాజ్మా కూడా మొలకెత్తించి తినాలనుకుంటున్నాం.
– డాలస్‌, అమెరికా

జవాబు: రాజ్మా ముందు ఆపండి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్‌ అనే విషపదార్థం నాలుగైదు గింజలకే విపరీతంగా వాంతులు చేయించగలదు. మొలకెత్తించినంత మాత్రాన అది పోదు. ఐదు గంటలైనా నానబెట్టి, నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బుడగలు తెర్లేలా 30 నిమిషాలు ఉడికించాలి. అక్కడ చాలా ఇళ్లలో స్లో కుక్కర్‌ ఉంటుంది. అందులో నేరుగా వేయొద్దు, ఆ మెత్తటి వేడికి విషం విరక్కపోగా పెరగొచ్చు.

నీరసానికి లెక్క సులువు. కిలో కీర దోసకాయలు తిన్నా రెండు వందల క్యాలరీలు రావు. కడుపు నిండుతుంది, ఒళ్లు పస్తుంటుంది. చలి, జుట్టు రాలడం అక్కడివే కావచ్చు, థైరాయిడ్‌ కూడా చూపించుకోండి. తిమ్మిర్ల విషయంలో మాత్రం ఆగడానికి లేదు, అవి బి12 లోటు వల్ల కావచ్చు. శాకాహారంలో బి12 దొరికేది పాలు, పెరుగులోనే, వాటినీ మానేశారు. ఈ వారమే రక్తపరీక్ష చేయించండి. నరాల దెబ్బ ముదిరితే తర్వాత మందు వేసినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అన్నం, పప్పు, పెరుగు తిరిగి మొదలుపెట్టి, పచ్చి కూరల్ని పక్కన ఉంచుకోండి.

చిన్న ప్రశ్నలు

పచ్చి గుడ్డు బలమా? – కాదు. ఉడికిన గుడ్డులో మాంసకృత్తులు పదికి తొమ్మిది పాళ్లు ఒంటబడితే, పచ్చిదాంట్లో సగమే. పైగా సాల్మొనెల్లా అనే క్రిమి భయం.

థైరాయిడ్‌ ఉంటే క్యాబేజీ? – వండినది మామూలుగా తినొచ్చు. పచ్చి రసం రోజూ వద్దు. మాత్ర పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఆగాకే ఏదైనా.

కిడ్నీ జబ్బుకు పచ్చి కూరలు? – పొటాషియం చూసుకోవాలి. కోసిన కూర ఎక్కువ నీళ్లలో ఉడికించి వంచేస్తే కొంత తగ్గుతుంది, పచ్చిదానికి ఆ వీలు లేదు. ఎంత తినాలో మీ డాక్టరునే అడగండి.

నానబెట్టిన వేరుశనగలు? – గుప్పెడు తినొచ్చు. నల్లబడ్డవి, ముడతపడ్డవి, బూజు వాసన వచ్చేవి ఏరేయండి. బూజు విషం నానబెడితే పోదు.

చామ ఆకు సలాడ్‌లో వేయొచ్చా? – వద్దు. సూదుల్లాంటి ఆక్సలేట్లు గొంతంతా గుచ్చుతాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, చామ పచ్చిగా తింటే ఆ దురద నాలుకకు తప్పదు.