యాక్షన్ పొటెన్షియల్‌ను కిందికి దించేది పంపు కాదు

యాక్షన్ పొటెన్షియల్ అంటే నాడీకణం పొర వెంట పరుగెత్తే క్షణకాలపు విద్యుత్ సంకేతం. దాని గురించి మీరు రాసిన జవాబులో మార్కులు పోయింది ‘పొర వోల్టేజిని ప్లస్ 30 మిల్లీవోల్టుల నుంచి మైనస్ 70కి సోడియం-పొటాషియం పంపు (పొరలో ఉండి ఈ అయాన్లను అటూ ఇటూ తోడే ప్రోటీన్) దించుతుంది’ అన్న మీ వాక్యం దగ్గరే. ఇలా సరిదిద్దండి:

1. పొర వోల్టేజి సుమారు మైనస్ 55 మిల్లీవోల్టులకు చేరగానే పొరలోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే. దాదాపు మిల్లీసెకనులో ఆ ద్వారాలు వాటంతటవే మూసుకొని, మళ్లీ తెరుచుకోకుండా కాసేపు మొరాయిస్తాయి. సంకేతం వెనక్కి తిరగకపోవడానికి కారణం ఈ మొరాయింపే. ఈలోగా ఆలస్యంగా తెరుచుకున్న పొటాషియం ద్వారాల గుండా పొటాషియం బయటికి పోతుంది, వోల్టేజి పడిపోతుంది.

3. పంపు ప్రతి విడతలో 3 సోడియంలను బయటికి, 2 పొటాషియంలను లోపలికి నిదానంగా చేరుస్తుంది. అంతే.

మీది హనుమకొండే కదా, భద్రకాళి చెరువునే ఊహించుకోండి: తూము ఎత్తితే నీరు దానంతటదే పోతుంది. తోడి పోసే మోటారు పని వేరు. స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్‌లో (పొడవాటి నాడీ తంతువులో) పంపును ఆపేసినా సంకేతాలు చాలాసేపు నడుస్తాయి.