లోన్ కట్టేస్తానంటున్న మేనల్లుడికి

చిరంజీవి అబ్బయ్యకు, కోవూరు నుంచి మీ అత్త దీవించి రాయునది.

మీ నాన్న ఫోన్ చేసి అంతా చెప్పాడు. మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారంట. ఆ టెన్షన్‌లో నువ్వు ఎఫ్‌డీలన్నీ తీసేసి, 12 లక్షలు మియాపూర్ ఫ్లాట్ లోన్‌కి ఒక్కసారే కట్టేద్దామనుకుంటున్నావంట. అప్పుంటే నిద్రపట్టని మగపిల్లాడు మన ఇంట్లో ఒకడైనా పుట్టాడని సంతోషం వేసింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఫోన్‌లో చెప్తే "సరే అత్తా" అని పెట్టేస్తావని రాస్తున్నా.

ముందు లెక్క చూడు. రిటైరయ్యేదాకా పోస్టాఫీసులో లెక్కలు రాసినదాన్ని, నన్ను మాయ చెయ్యలేవు. ఇంకా 30 లక్షలు, ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లు. నెలకు కంతు 26 వేల చిల్లర. వచ్చే నెల కంతులో 21 వేల పైన వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది ఐదు వేలు కూడా లేదు. కడుపు మండుతుంది, నిజమే. 12 లక్షలు కట్టి కంతు అట్లాగే ఉంచితే ఎనిమిదేళ్లలో తీరిపోతుంది. జీతం ఆగకుండా వస్తే మంచి పనే. కానీ ఈ నెల అంత కట్టావు గదా అని వచ్చే నెల కంతు బ్యాంకు వాళ్లు వదిలిపెట్టరు. కంతు తగ్గించమంటే పదిహేనున్నర వేలకు దిగుతుంది. చేతిలో ఉన్నదంతా ఊడ్చి కట్టాక, ఉద్యోగం పోతే అదైనా ఎక్కణ్ణుంచి తెస్తావు?

మీ మామయ్య చేసింది ఇదే. అప్పటికి నువ్వు పుట్టలేదు. అల్లూరు వైపు రొయ్యల గుంటలు తీసుకున్నారు, టైగర్ రొయ్య. ఒక పంట బ్రహ్మాండంగా వచ్చింది. గడువు ఇంకా ఉండగానే బ్యాంకు అప్పు మొత్తం కట్టేసి, పొలం కాగితాలు విడిపించుకొచ్చి దేవుడి ముందు పెట్టాడు. పిలకాయల ఫీజులకన్నా కొంచెం ఉంచమంటే, అప్పు పెట్టుకుని డబ్బు దాచుకునేది దరిద్రులే అన్నాడు. తర్వాతి పంటకు పిల్ల, మేత అన్నీ అరువే. 1994-95లో తెల్లమచ్చ జబ్బు వచ్చింది. రొయ్యలు గట్టు పక్కకు వచ్చి చచ్చిపోయేవి, డొప్ప మీద సున్నం చుక్కలు పెట్టినట్టు మచ్చలు. మన తీరమంతా అదే గతి. బ్యాంకుకు పోతే రొయ్యల మీద కొత్త అప్పు లేదు పొమ్మన్నారు. మొన్నే మొత్తం కట్టిన మనిషినని చెప్పుకున్నాడు పాపం. దానికి వాళ్లేం చేస్తారు?

చివరికి ఒకాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి నోటు రాశాడు. అంటే ఏడాదికి నూటికి 36. ఆయన గొంతు పెంచేవాడు కాదు. పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు, నేను కాఫీ ఇచ్చేదాన్ని, పేపర్ చదువుకునేవాడు, పక్కింటోళ్లు చూసేవాళ్లు. బ్యాంకు అప్పు ఉన్నన్నాళ్లూ మా ఇంటి ముందుకు ఎవరూ రాలేదు. విడిపించుకున్న పొలమే అమ్మి ఆయన్ని వదిలించుకున్నాం.

అందుకని, నోటు మాత్రం రాయొద్దు. కోడలి నగల జోలికి పోవద్దు.

ఇప్పుడు కట్టకపోతే ఏదో పోతుందనుకోకు. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యమధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండే వడ్డీ మీద తీసుకున్న ఇంటి లోన్ ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. నీది ఫ్లోటింగో కాదో కాగితం తీసి చూడు. లోన్ వడ్డీకీ ఎఫ్‌డీ వడ్డీకీ తేడా రెండు శాతం అనుకున్నా, 12 లక్షల మీద ఏడాదికి 24 వేలు. ఒక్క కంతంత కూడా లేదు. ఏడాది పాటు నిద్రపోవడానికి ఆ మాత్రం ఖర్చు పెట్టలేవా? ఉద్యోగం నిలబడితే అప్పుడు కట్టు, ఎవరొద్దన్నారు. కట్టినాక ఉద్యోగం పోతే ఆ డబ్బు తిరిగి ఇమ్మని అడగలేవు.

కొన్ని బ్యాంకుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి ఇంటి లోన్ ఉంటుంది. అందులో డబ్బు వేస్తే ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే మళ్లీ తీసుకోవచ్చు. మారాలనుకుంటే జీతం స్లిప్పులు చేతిలో ఉన్నప్పుడే అడుగు, ఉద్యోగం లేనోడి మాట బ్యాంకులో ఎవరూ వినరు. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా కూడా ఇప్పుడే సొంతంగా తీసుకో. కంపెనీ ఇచ్చేది ఉద్యోగంతో పాటే పోతుంది.

దేవుడు చల్లగా చూడాలి గానీ, ఉద్యోగం పోయిందే అనుకో, మొదటి కంతు తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మేనేజరుతో మాట్లాడు. మొహం చాటెయ్యకు. బాకీ 90 రోజులు దాటితే మొండి బకాయి అంటారు, ఆ తర్వాత బాకీ కట్టకపోతే ఫ్లాట్ స్వాధీనం చేసుకుంటామని 60 రోజుల నోటీసు వస్తుంది. అంతదాకా తెచ్చుకునే పిల్లాడివి కాదులే, తెలిసి ఉండాలని చెప్పా.

ఇంకొకటి. బుచ్చిలో ఉన్న ఎకరం అమ్మి నీకిస్తానని మీ నాన్న ఎగురుతున్నాడు. వాడి సంగతి నేను చూసుకుంటా, నువ్వు మధ్యలోకి రావొద్దు. నువ్వు శనివారం కూర్చుని నెల ఖర్చంతా కాగితం మీద రాసి నాకు ఫోటో పెట్టు. బయట నుంచి తెప్పించుకునే బిర్యానీలతో సహా.

మీ అత్త