హోమ్స్ ఇంటికి వెళ్ళే ముందు చదవాల్సిన కథ

ప్రశ్న: వేసవిలో మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నామండీ. కాలేజీ రోజుల నుంచీ నాకు షెర్లాక్ హోమ్స్ అంటే పిచ్చి, బేకర్ స్ట్రీట్‌లో ఆయన మ్యూజియం చూడాలని ఎప్పట్నుంచో ఆశ. మావారేమో "అసలు పుట్టని మనిషికి ఇల్లేంటి, డబ్బు దండగ" అంటున్నారు. పైగా నాకు మోకాళ్ళ నొప్పులు. వెళ్ళొచ్చంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. మీవారన్నది నిజమే, హోమ్స్ పుట్టలేదు, ఆ ఇంట్లో ఉండలేదు, కథల్లో ఆయన అడ్రసు బేకర్ స్ట్రీట్ 221బి, కానీ అసలు కానన్ డాయిల్ ఆ కథలు మొదలుపెట్టే నాటికి ఆ వీధిలో 221 అనే నంబరే లేదు, తర్వాతెప్పుడో వీధి పొడుగు పెరిగి నంబర్లు మారాక వచ్చింది. 1932లో ఆ నంబరు పడే చోట అబ్బీ రోడ్ బిల్డింగ్ సొసైటీ (తర్వాత అబ్బీ నేషనల్) అనే ఫైనాన్స్ సంస్థ ఆఫీసు పెట్టుకుంటే హోమ్స్ పేరు మీద ఉత్తరాలు రావడం మొదలైంది, మా కేసు కాస్త చూడండి సార్ అంటూ, ఇక వాటికి జవాబులు రాయడానికే ఒక సెక్రటరీని పెట్టాల్సి వచ్చింది. పుట్టి పెరిగిన డిటెక్టివుల్లో ఎవరికైనా ఇంత నమ్మకం దక్కిందేమో మీవారినే చెప్పమనండి!

ఇప్పుడు మ్యూజియం ఉన్నది వరసలో లెక్కపెడితే 239వ ఇల్లు, తలుపు మీద మాత్రం 221బి అని ఉంటుంది. 1815లో కట్టిన ఇల్లు, ఒకప్పుడు అద్దెకి గదులిచ్చేవాళ్ళు, 1990లో మ్యూజియం చేశారు.

వెళ్ళే ముందు ఒక్క పని చేయండి, 'మస్‌గ్రేవ్ రిచువల్' కథ మళ్ళీ చదవండి, కనీసం మొదటి రెండు పేజీలు. హోమ్స్ ఇల్లు ఎంత చిందరవందరగా ఉంచుతాడో ఆయన స్నేహితుడు, కథ చెప్పే డాక్టర్ వాట్సన్ అందులోనే విసుక్కుంటాడు: పొగాకు పర్షియన్ చెప్పు మునివేళ్ళ దగ్గర కూరి పెడతాడనీ, జవాబు రాయని ఉత్తరాలు ఫైర్‌ప్లేస్ పైన చెక్కకి కత్తితో గుచ్చేస్తాడనీ, తోచనప్పుడు కుర్చీలో కూర్చుని పిస్తోలుతో గోడ మీద విక్టోరియా రాణి గుర్తుగా రాసే వి.ఆర్. అక్షరాలు గుళ్ళతో పేలుస్తాడనీ. మొదటి అంతస్తులో వీధివైపు ఉన్న స్టడీ రూమ్‌లో ఆ గోడ మీద ఆ గుళ్ళ గుంటలు కనిపిస్తాయి, ఆ చెప్పు ఉంటుంది, వయొలిన్ ఉంటుంది, కెమిస్ట్రీ సామాను ఉంటుంది. కథ గుర్తుంటే వాట్సన్ విసుగు చెవిలో వినిపిస్తుంది, చదవకుండా వెళ్ళినవాళ్ళకి అది పాత సామాన్ల గది, ఐదు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు, నాకు బాధనిపించేది అదే.

మోకాళ్ళ సంగతి. మెట్లు ఇరుకు, నిటారుగా ఉంటాయి. స్టడీ రూమ్‌కి పదిహేడు మెట్లు, 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' కథలో హోమ్స్ వాట్సన్‌ని ఎన్ని మెట్లో చెప్పమని అడిగి నిలదీసింది ఈ లెక్కే, కాబట్టి లెక్కపెట్టుకుంటూ మెల్లగా ఎక్కండి. ఆ పైన వాట్సన్ గది, ఇంటి యజమానురాలు హడ్సన్ గారి గది, ఇంకా పైన హోమ్స్ బద్ధశత్రువు మోరియార్టీ వగైరాల మైనపు బొమ్మలు. ఓపిక లేకపోతే బొమ్మలు వదిలేయండి, ప్రాణమంతా ఆ స్టడీ రూమ్‌లోనే ఉంది. టికెట్లు పక్కనే ఉన్న షాపులో ఇస్తారు.

ప్రశ్న: స్విట్జర్లాండ్‌లో కూడా హోమ్స్ మ్యూజియం ఉందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిజమేనండీ, మైరింగన్ అనే ఊళ్ళో, పాత ఇంగ్లిష్ చర్చిలో, 1991 నుంచీ ఉంది. హోమ్స్, మోరియార్టీ కలబడి పడిపోయారని డాయిల్ రాసిన రైషెన్‌బాఖ్ జలపాతం ఆ ఊరి పక్కదే. 1893లో ఆ కథతో హోమ్స్‌ని చంపేశాడు, పాఠకులు ఊరుకుంటారా, 1903లో బతికించక తప్పలేదు. కొండ ఎక్కడానికి 1899 నాటి ఫ్యూనిక్యులర్ రైలు ఉంది, ఆ పెనుగులాట జరిగిందనే చోట రాతి మీద తెల్ల నక్షత్రం గుర్తు పెట్టారు. ముందు జలపాతం చూసి తర్వాత మ్యూజియంకి రండి.