మీ దుకాణం వెబ్‌సైట్ మీ పేరుమీదే ఉందా?

సొంత వెబ్‌సైట్ పెట్టుకోవాలా, పెడితే ఎలా ఉండాలి అని చిన్న వ్యాపారులు రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఇంట్లోనే పచ్చళ్లు పట్టి అమ్ముతున్నాను. నెలకు 60, 70 పార్సిళ్లు వెళ్తాయి. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లోనే వస్తున్నాయి. ఇక వెబ్‌సైట్ దేనికి?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆ రెండూ మీకు కొత్తవాళ్లను తెస్తున్నాయి, వాటిని మానొద్దు. కానీ ఒక పని చేసి చూడండమ్మా. వాట్సాప్‌లో చివరి 50 ఆర్డర్ల సంభాషణలు తెరిచి, వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయండి. వెల్లుల్లి ఉందా, ఏ నూనె, అరకిలో ఇస్తారా, ఎన్నాళ్లు నిలవుంటుంది, బెంగళూరుకు కొరియర్ ఎంత, ఎన్ని రోజులకు చేరుతుంది... తిప్పి తిప్పి ఏడెనిమిది ప్రశ్నలే ఉంటాయి. వీటికే రోజూ గంటో గంటన్నరో పోతుంది. మీరు గోంగూర వేయిస్తూ ఫోన్ చూడకపోతే అడిగినవాళ్లు ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోతారు. ఆ కాగితం మీద ఉన్నదే మీ వెబ్‌సైట్‌లో ఉండాల్సిన సమాచారం.

రెండో కారణం ఇంకా ముఖ్యం. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఎవరైనా కాజేసినా, కంపెనీ ఆపేసినా మీ ఫోటోలు, మీ కొనుగోలుదారులు ఒక్కరోజులో పోతారు. గూగుల్‌లో, మ్యాప్‌లో షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉచితంగా వెబ్‌సైట్ చేసుకునే సౌకర్యం ఒకప్పుడు ఉండేది. ఎన్నో చిన్న షాపులు అదే సొంత సైట్ అనుకున్నాయి. 2024 మార్చిలో గూగుల్ వాటన్నిటినీ ఆపేసింది. కొన్నాళ్లపాటు వచ్చినవాళ్లను ప్రొఫైల్‌కు మళ్లించి, జూన్‌లో అదీ మానేసింది. మీ పేరుమీద కొన్న డొమైన్ (సైట్ చిరునామా పేరు) ఉంటే అలాంటప్పుడు హోస్టింగ్ (సైట్‌ను ఉంచే అద్దె చోటు) మార్చుకుంటే సరిపోతుంది, చిరునామా అదే ఉంటుంది.

సైట్ చేయించేటప్పుడు ఒక్కో పచ్చడికి ఒక్కో పేజీ పెట్టించండి. ‘వెల్లుల్లి లేని ఆవకాయ’ అని వెతికినవాళ్లకు ఆ పేజీయే దొరకాలి, అన్నీ కలిపిన పెద్ద జాబితా కాదు. ప్రతి పేజీలో నికర బరువు, పదార్థాలు, పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, ఎన్నాళ్లలోపు వాడాలి, ఏ దేశపు తయారీ అన్నవి ఉండాలి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కనిపించాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, ఫోన్, మెయిల్ కూడా సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కార్డు, యూపీఐ డబ్బులు తీసుకునే పేమెంట్ గేట్‌వే వాళ్లు మీ సైట్‌ను చూశాకే ఒప్పుకుంటారు. డబ్బు వాపసు, రవాణా, గోప్యత, షరతుల పేజీలు లేవని దరఖాస్తు వెనక్కి పంపడం మామూలే. వాటిని ఇంకో సైట్ నుంచి కాపీ కొట్టించవద్దు, అందులో వాళ్ల ఊరు, వాళ్ల గడువులు మిగిలిపోతాయి.

కొరియర్ లెక్క దగ్గరే చాలామంది నష్టపోతారు. కొరియర్ వాళ్లు సాధారణంగా అరకిలో చొప్పున లెక్కగట్టి, మిగిలిన భాగాన్ని పై అరకిలోకు సవరిస్తారు. కిలో పచ్చడి గాజు సీసాలో, అట్టపెట్టెలో పెడితే తూకం కిలోన్నరకు దగ్గరవుతుంది, పై గీత దాటితే రెండు కిలోల ధర పడుతుంది. సైట్‌లో నికర బరువు మీద ఛార్జీ పెడితే ప్రతి పార్సిల్ మీదా తేడా మీ చేతి నుంచే పోతుంది. ప్యాక్ చేసిన పెట్టెను తూచి, ఆ బరువే సైట్‌లో ఎక్కించమనండి.

ఇంకొక్క మాట. తెనాలి నుంచి హైదరాబాద్‌కు పంపడం ఇప్పుడు వేరే రాష్ట్రానికి అమ్మడమే. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నది మామూలు నియమం. సైట్ తెరిచేలోపే ఆడిటర్‌ను కలవండి.

ప్రశ్న: మోటార్లు రీవైండింగ్ చేస్తాను. బోరు మోటారు కాలిపోయిన రైతు ఇంటర్నెట్‌లో వెతుకుతాడా? నాకు వెబ్‌సైట్ పెట్టమని ఒకాయన వెంటపడుతున్నాడు.
— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: రైతు వెతక్కపోయినా ఆయన కొడుకు వెతుకుతాడు. కానీ మీకు ముందు కావాల్సింది ఉచితంగా దొరికే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. బోర్డు మీద ఉన్న పేరే రాయండి. ఊరిపేర్లు, ‘బెస్ట్’, ‘నంబర్ వన్’ లాంటివి చేరిస్తే ప్రొఫైల్ ఆగిపోయే ప్రమాదముంది. షాపు ముఖం, లోపలి పని కనిపించే ఫోటోలు పెట్టండి. ఆదివారం తెరుస్తారో లేదో సరిగ్గా రాయండి.

ఆ తర్వాత ఒకే ఒక్క పేజీ సైట్ చాలు. ఎన్ని హెచ్‌పీ నుంచి ఎన్ని హెచ్‌పీ దాకా చేస్తారు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, సబ్‌మెర్సిబుల్ చేస్తారా, రాగి తీగేనా, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎన్ని నెలల గ్యారంటీ, ఊరికి బండి పంపి మోటారు తెచ్చుకుంటారా. పేజీ పైనే నొక్కితే కాల్ కలిసే బటన్ ఉండాలి, నంబరు బొమ్మలో ఉంటే నొక్కినా కాల్ వెళ్లదు. షాపింగ్ కార్ట్, కదిలే బొమ్మలు, బ్లాగు మీకు అక్కర్లేదు. వాటి పేరుతో ఎవరు డబ్బులడిగినా ఒద్దనండి.

ప్రశ్న: మాది చేనేత చీరల షాపు. నాలుగేళ్ల కిందట తెలిసిన కుర్రాడు డాట్ కామ్ సైట్ చేసిపెట్టాడు. ఇప్పుడతను ఫోన్ సరిగ్గా ఎత్తడం లేదు. డొమైన్ అతని పేరుమీదే ఉందట. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, చీరాల

జవాబు: ఇది ఒక్క మీ కష్టమే కాదు, ఇవాళ వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దీని గురించే. ముందు డొమైన్ల నమోదు వివరాలు చూపించే ‘హూ ఈజ్’ వెతుకులాటలో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. ఏ కంపెనీ దగ్గర నమోదైంది, గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నవి తెలుస్తాయి. గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, మీకున్న సమయం అదే.

అతన్ని కోపంతో కాకుండా పని చెప్పినట్టు అడగండి. అదే నమోదు కంపెనీలో మీ మెయిల్, మీ ఫోన్‌తో ఒక ఖాతా తెరవండి. అతని ఖాతాలోంచి మీ ఖాతాలోకి డొమైన్‌ను జరపడం అతనికి కొద్ది నిమిషాల పని. సైట్ ఆగదు కూడా. వేరే కంపెనీకి మార్చాలంటే మాత్రం తాళం తీసి, బదిలీ కోడ్ ఇవ్వాలి, నమోదై లేదా బదిలీ అయి 60 రోజులు నిండకపోతే కుదరదు. అందుకే మొదటి దారే మేలు. చేతికి రాగానే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల భద్రత పెట్టి, మూడు నాలుగేళ్లకు ఒకేసారి రెన్యువల్ కట్టేయండి.

డొమైన్‌తోనే అయిపోలేదు. హోస్టింగ్ ఖాతా, సైట్ అడ్మిన్ పాస్‌వర్డ్, గూగుల్ ప్రొఫైల్ యాజమాన్యం ఎవరి దగ్గర ఉన్నాయో చూడండి. హోస్టింగ్ కూడా అతనిదే అయితే సైట్ బ్యాకప్ అడగండి. ఫైళ్లు, డేటాబేస్ రెండూ అని నొక్కి చెప్పండి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైట్‌లో రాతలు, చీరల ధరలు డేటాబేస్‌లో ఉంటాయి, ఫైళ్లు ఒక్కటే తెచ్చుకుంటే ఖాళీ గోడలు తెచ్చుకున్నట్టే.

అసలు దొరకకపోతే అతనికి డబ్బు పంపిన రసీదులు, మెసేజ్‌లు పోగుచేసి నమోదు కంపెనీకి రాయండి. అయితే ఖాతాలో ఎవరి పేరుందో వాళ్లదే డొమైన్ అన్నట్టుగా వాళ్లు చూస్తారు. ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్లకు వివాద పరిష్కార మార్గముంది. డాట్ ఇన్ పేర్లకైతే అది ఆ పేర్లను చూసే నిక్సి సంస్థ దగ్గర. ఖర్చు, కాలం చూస్తే చిన్న షాపుకు కొత్త పేరు కొనుక్కోవడమే తేలిక. పాత పేరు గడువు దాటితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. డాట్ కామ్ పేరును కంపెనీ కొన్ని వారాలు, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు ఉంచుతుంది. తర్వాత 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకోవచ్చు. ఆపై 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా కొన్న పేర్ల మీద పేకాట, బెట్టింగ్ సైట్లు పెట్టేవాళ్లున్నారు. మీ పాత విజిటింగ్ కార్డు, సంచుల మీది చిరునామా కొట్టిన ఆడబిడ్డలు అక్కడ తేలతారు. కనుక పేరు మారితే సంచులు, బిల్లు పుస్తకం, గూగుల్ ప్రొఫైల్ అన్నీ ఆ వారంలోనే మార్చండి.

ప్రశ్న: ఫర్నిచర్ షాపుకు సైట్ కోసం అడిగితే ఒకరు 6 వేలన్నారు, ఇంకొకరు 60 వేలన్నారు. చూపించిన నమూనాలు రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా ఏమిటి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నమూనాలో కనిపించని పనిలోనే తేడా ఉంటుంది. 60 వేలు అడిగినవాళ్లందరూ ఆ పని చేస్తారనీ కాదు. అందుకే ఇద్దరినీ ఇవే అడగండి.

వాళ్లు ఇదివరకు చేసిన సైట్లు మూడు తీసుకుని, వైఫై ఆపి, మామూలు ఫోన్‌లో తెరవండి. ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఆలస్యానికి పెద్ద కారణం ఫోటోలే. ఫోన్‌లో తీసిన ఒక్క సోఫా ఫోటో 4 ఎంబీ ఉంటుంది. దాన్ని 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలోకి మారిస్తే చాలాసార్లు 150 కేబీకి వస్తుంది, కంటికి తేడా తెలియదు. 6 వేల సైట్లలో ఈ పని చేయరు. 20 సోఫాలు, 80 ఎంబీ, కొనేవాడు మధ్యలోనే వెనక్కి వెళ్తాడు.

తర్వాత కొనేవాళ్లు వివరాలడిగే ఎంక్వైరీ ఫారం. చూడటానికి బాగుంటుంది, నింపితే ‘ధన్యవాదాలు’ అంటుంది, మెయిల్ మాత్రం మీకు రాదు. 2024 ఫిబ్రవరి నుంచి తనకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ, మెయిల్ నిజంగా అక్కడిదే అని రుజువు చేసే ఎస్‌పీఎఫ్ గానీ డీకేఐఎం గానీ ఉండాలని జీమెయిల్ నియమం పెట్టింది. అవి పెట్టకుండా సర్వర్ నుంచి నేరుగా పంపితే మెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదా తిరిగిపోతుంది. సైట్ అప్పగించే రోజు మీ ముందే మూడు వేర్వేరు ఫోన్ల నుంచి ఫారం నింపించండి. తర్వాత పదిహేను రోజులకోసారి మీరే నింపి చూసుకోండి.

ఎస్ఎస్ఎల్ (సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య సమాచారాన్ని భద్రంగా ఉంచే సర్టిఫికెట్) అంటూ విడిగా వేలు అడిగితే ఇవ్వకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, చాలా హోస్టింగ్ కంపెనీలు అదే వాడతాయి. అది లేకపోతే 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది, దాంతో కొనేవాళ్లు జంకుతారు.

కాగితం మీద రాయించుకోవాల్సినవి: డొమైన్, హోస్టింగ్ మీ పేరున మీ మెయిల్‌తో. వర్డ్‌ప్రెస్, దానికి తగిలించే ప్లగిన్‌లకు నెలకోసారి అప్‌డేట్. వారానికోసారి బ్యాకప్, అదీ హోస్టింగ్ బయట. రెండో ఏడాది నుంచి ఖర్చెంత. ఇంకా, ‘గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ’ అన్నవాళ్లతో మాట అక్కడే ఆపండి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది.

ప్రశ్న: పూతరేకుల అమ్మకానికి సైట్ చేయించాం. తెలుగు పేజీలో మా మాటలు అర్థంలేని ఇంగ్లీష్ అక్షరాల్లా కనిపిస్తున్నాయి. ఎందుకు?
— ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: కరపత్రం చేసిన డీటీపీ వాళ్ల ఫైల్ నుంచి తీసి అతికించి ఉంటారు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు లోపల ఇంగ్లీష్ సంకేతాలుగానే ఉంటుంది. ఆ ఫాంటు లేని ఫోన్‌లో అవే బయటపడతాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్పించి, మార్చాక వత్తులు, పొల్లులు ఒక్కొక్క మాటా చదివి సరిచూడండి, తప్పులు అక్కడే దొర్లుతాయి. రాతను బొమ్మగా పెట్టే దగ్గరిదారి వద్దు, అందులోని మాటలతో వెతికేవారికి పేజీ దొరకదు. వరుసల మధ్య ఎడం ఇంగ్లీష్ పేజీ లెక్కన ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లు ఉంచమనండి.

మీ సైట్‌లో ఆత్రేయపురం పూతరేకుల భౌగోళిక గుర్తింపు ముద్ర పెట్టాలనుకుంటే ముందు ఆగండి. 2023లో ఆ గుర్తింపు వచ్చింది నిజమే. దాన్ని వాడుకునే హక్కు అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఉంటుంది. నమోదు కోసం గుర్తింపు పొందిన సంఘం వారిని కలిసి దరఖాస్తు చేయండి.