ఇంగ్లండ్‌లో ఈటింగ్ డిజార్డర్స్ థెరపిస్టు కావాలంటే: గుంటూరు చెల్లెలి ప్రశ్నకు

నాగార్జున యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేశానని, ఈటింగ్ డిజార్డర్స్‌కు, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బులకు, థెరపిస్టు కావడానికి ఇక్కడికొచ్చి ఏడాది సర్టిఫికెట్ కోర్సు చేస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదమ్మా. నాదీ గుంటూరే. ఒక ఏజెంటు మాట నమ్మి అలాంటి కోర్సుకే డబ్బు కట్టాను, ఏ ఆసుపత్రీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇక్కడ 'సైకోథెరపిస్ట్' అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 'క్లినికల్ సైకాలజిస్ట్' అనాలంటే మాత్రం ఇక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు ఉండాలి. ఆ దారిలో 3 ఏళ్ల డాక్టరేట్ ఉంటుంది. నర్సులు, డైటీషియన్లు కూడా శిక్షణ తీసుకుని ఈ పనిలోకి వస్తారు. నువ్వు ముందు బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ చేత నీ డిగ్రీని మదింపు చేయించుకో. సిలబస్ కాగితాలు గుంటూరులో ఉండగానే తీసుకో, ఇక్కడినుంచి తెప్పించుకోవడం నరకం.

ఇక పని. అనొరెక్సియా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, ఉన్న పిల్లలకు ముందుగా ఇచ్చేది కుటుంబ చికిత్స, ఏడాదిలో 18 నుంచి 20 సార్లు కూర్చుంటాం. మొదట్లో ఏం తినాలో, ఎంత తినాలో అమ్మానాన్నలే నిర్ణయిస్తారు. కోలుకునేకొద్దీ ఆ బాధ్యత మెల్లగా పిల్లకే అప్పగిస్తారు. కొసరి కొసరి వడ్డించే ఇళ్లలో పుట్టాం, మనకిది తేలికే అనుకున్నాను. కాదు. 'నా మీద ఒట్టు, ఇంకో ముద్ద' అని బతిమాలితే కంచం ముందు బేరం మొదలవుతుంది. 'కాస్త ఒళ్లు చేశావు, ఇప్పుడు బాగున్నావు' అని పెద్దమ్మ మురిసిపోతే, ఆ పిల్లకు లావయ్యావని వినపడుతుంది. పై పూట అన్నం ముట్టదు. బాగా చిక్కిపోయినవాళ్లకు జాలితో ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి గుండె మీదికి రావచ్చు. అందుకే డాక్టరు, డైటీషియన్ లేకుండా ఒంటరిగా ఎవరినీ చూడకు.

మనవాళ్లు వచ్చినప్పుడు నీకు మాత్రమే అందే విషయం ఒకటుంది. శనివారం ఒంటిపూట, కార్తీక సోమవారం అంటే ఇక్కడి తోటి థెరపిస్టులు ఆచారమని గౌరవించి ఊరుకుంటారు. నువ్వు ఊరుకోకు, ఆ ఉపవాసం చాటున జబ్బు దాక్కుని ఉండొచ్చు. దీపం పెట్టాక అందరితో కూర్చుని తింటోందా? ఉపవాసాలు వారానికి ఒకటి నుంచి మూడయ్యాయా? పండగనాడు బొబ్బట్టు తుంచిందా, దాచిందా? ఇవి తల్లి ఎదుట కాకుండా, పిల్లను విడిగా కూర్చోబెట్టి, తెలుగులోనే అడుగు.